గోంగూర మడి పక్కన చార్డ్‌కీ కాస్త చోటివ్వండి

మే నెల వచ్చిందంటే మా డిట్రాయిట్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "గోంగూర నారు ఎవరి దగ్గరైనా ఉందా?" ఆ నారు కోసం అరగంట డ్రైవ్ చేసి వెళ్లేవాళ్లున్నారు. నేనూ వెళ్లాను. తీరా నాటాక జూన్ దాకా అది చలికి ముడుచుకునే కూర్చుంటుంది. ఆగస్టులో నాలుగు కోతలు కోశామో లేదో, అక్టోబరు ఫ్రాస్ట్, అంటే గడ్డకట్టే మంచు, వచ్చి మాడ్చేస్తుంది. గోంగూర మీద నాకేం కోపం లేదు. ఉన్న రెండు మళ్లూ దానికే రాసిచ్చేసి, ఈ చలికి తట్టుకునే స్విస్ చార్డ్ అనే ఆకుకూరని "అదేదో సలాడ్ ఆకు" అని తీసిపారేయడమే నాకు నచ్చదు.

పేరులో స్విస్ ఉందన్నమాటే గానీ ఇది మధ్యధరా సముద్ర తీరపు మొక్క. బీట్‌రూట్, ఇదీ ఒకే జాతి. మన తోటకూర, పాలకూరలదీ ఇదే కుటుంబం. మా అమ్మ వచ్చినప్పుడు బొటనవేలంత కాడ విరిచి వాసన చూసి, "ఇది బీట్‌రూట్ ఆకు కదే, దుంపేదీ?" అంది. దుంప ఊరదమ్మా అన్నాను. "పోనీలే, కాడలున్నాయిగా" అని చింతపండు నానేసింది. తోటకూర కాడల పులుసు ఎలా పెడతామో అలాగే పెట్టింది. కాడలు ముందు వేసి, అవి మెత్తబడ్డాకే ఆకు వేయాలి.

రకాల దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. ప్యాకెట్ మీద ఎరుపు, పసుపు, గులాబీ రంగు కాడలు చూసి బ్రైట్ లైట్స్ కొనేస్తారు. 1998లో ఆల్ అమెరికా సెలెక్షన్స్ వాళ్లు కొత్త తోట రకాలకిచ్చే బహుమతి తెచ్చుకున్న రకం, అందంలో వంక పెట్టలేం. కానీ ఎర్రకాడలు పప్పులో పడ్డాయంటే పప్పంతా గులాబీ రంగే. మా పిల్లలు కంచం వంక, నా వంక మార్చి మార్చి చూశారు. పప్పుకైనా పులుసుకైనా ఫోర్డ్‌హుక్ జెయింట్‌కే నా ఓటు: లావుపాటి తెల్లకాడ, ముడతలు పడ్డ ముదురాకుపచ్చ ఆకు. కాడ అక్కర్లేదు, పాలకూరలా సన్నగా ఉంటే చాలనుకుంటే పెర్పెచ్యువల్ స్పినాచ్ అనే చార్డ్ రకం వేసుకోండి. లుకుల్లస్ కూడా మంచిదే, ఆకు రంగు లేత.

గింజలు ఏప్రిల్ మధ్యలోనే నేలలో వేసేయొచ్చు. గరుకుగా ఉండే ఒక్కో గింజ నిజానికి రెండు మూడు గింజల ముద్ద, అందుకే మొలకలు గుత్తుగా వస్తాయి. ఒకటి ఉంచి మిగతావి కత్తెరతో కత్తిరించి పెసరపప్పులో వేసుకోండి. మొక్కకీ మొక్కకీ ముప్పావు అడుగు ఎడం చాలు. యాభై, అరవై రోజుల్లో కోతకొస్తుంది. మధ్య మొవ్వ ముట్టుకోకుండా చుట్టూ ఆకులు కోస్తుంటే వస్తూనే ఉంటుంది. పాలకూర ఎండలు ముదరగానే పూతకొచ్చేస్తుంది, చార్డ్ మామూలుగా రెండో ఏడాది గానీ పూయదు. తేలికపాటి ఫ్రాస్ట్‌కి బెదరదు కూడా. ఆకు అడుగున వరసగా తెల్లటి గుడ్లు కనిపిస్తే మాత్రం వేలితో నలిపేయండి. లేదంటే లీఫ్ మైనర్ పురుగు ఆకు లోపలే సొరంగాలు తవ్వేస్తుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు పాలకూరకి లాగే దీనికీ డాక్టర్ని అడగాలి, రాళ్లు కట్టడానికి కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ.

ఈసారి మా తెలుగు అసోసియేషన్ వాళ్లు నారు పంచే రోజున గోంగూర పక్కనే ఓ ఇరవై కప్పులు చార్డ్ నారు పెడతాను. అన్నీ తెల్లకాడవే. రంగులవి అడగొద్దు.