టైరు పేలినవాడు లైసెన్సుకు రాసుకున్న ఉత్తరం

మహారాజశ్రీ డ్రైవింగ్ లైసెన్సు గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. నేను క్షేమం, ముందు ఎడమ టైరు మాత్రం కాలం చేసింది.

మొన్న హైవే మీద వంద స్పీడులో ఉండగా అది ఢామ్మని పేలింది. వెంటనే మీరే గుర్తొచ్చారు. మీ కోసం నేర్చుకున్న విద్యలన్నీ తలచుకున్నాను: రెండు కోన్ల మధ్య బండిని రివర్స్‌లో పెట్టడం, మలుపులో ఇండికేటర్ వేయడం, హారన్ కొట్టకూడదని చెప్పే బొమ్మను గుర్తుపట్టడం. ఒక్కటీ అక్కరకు రాలేదు. తోచక, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. సరిగ్గా అదే చేయకూడదట! స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, బండిని తిన్నగా పోనిస్తూ, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీయాలట. ఈ ముక్క చెప్పింది టైరు మార్చిన మెకానిక్. మీ పరీక్షాధికారి నా దగ్గర చూసిందల్లా సీటు బెల్టు పెట్టుకున్నానా లేదా అనే.

మీ అన్నగారు పైలట్ లైసెన్సుది వేరే చాదస్తం. ఎయిర్‌లైన్ పైలట్లను సాధారణంగా ఆరు నెలలకోసారి సిమ్యులేటర్ అనే ఉత్తుత్తి కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, టేకాఫ్ మధ్యలో ఇంజిను ఆపేస్తారు, మంటలు పెడతారు. పాసైన మనిషిని మళ్లీ మళ్లీ పరీక్షించడమేమిటో! 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి ఎయిర్‌బస్ ఎ320 విమానం ఇంజిన్లు రెండూ చచ్చుబడితే, కెప్టెన్ సలెన్‌బర్గర్ సుమారు మూడున్నర నిమిషాల్లో హడ్సన్ నది మీద దించారు. 155 మందీ బతికారు. అంత తక్కువ ఎత్తులో రెండు ఇంజిన్లూ పోవడం ఆయన సిలబస్‌లోనూ లేదు. చేతిలోని చెక్‌లిస్టు కూడా ఎంతో ఎత్తున ఎగిరేటప్పటి కోసం రాసింది, పూర్తిచేసే టైమే లేకపోయింది. కానీ ఆపదకు అలవాటుపడ్డ బుర్ర వేరు కదండీ.

మీరు వెంటనే నార్వే సంగతి ఎత్తుతారని తెలుసు. నిజమే. అక్కడ ఒకప్పుడు జారే రోడ్డు మీద బండిని అదుపుచేయడం నేర్పితే, కుర్రాళ్లు తమకన్నీ వచ్చేశాయనుకుని ప్రమాదాలు పెంచారు. అయితే వాళ్లు పాఠం మానేయలేదు, మార్చారు. బండి ఎంత తేలిగ్గా చేయిజారుతుందో ట్రాక్ మీద చూపించి భయం నేర్పుతున్నారు. మీరు నాకు ఆ భయమూ నేర్పలేదు, ఏళ్ల తరబడి చెల్లే ధీమా మాత్రం ఇచ్చారు.

ఇట్లు,
మీ విధేయుడు

తా.క.: బ్రేకు తొక్కినప్పుడు పెడల్ కాలికింద గడగడలాడింది. బ్రేకులు పోయాయని హడలిపోయి కాలు తీసేశాను. అది చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పనిచేస్తున్న గుర్తని తర్వాత తెలిసింది. అంటే నేను చేసిన ఒకే ఒక్క సరైన పని, బ్రేకు మీంచి కాలు తీయడం, పొరపాటున చేశాను. మీ మీదున్న ఫొటోలో మాత్రం ఇప్పటికీ ఎంతో ధైర్యంగా ఉన్నాను.