మా బాయిలర్‌ను 80కి తిప్పమని ఎవరు చెప్పారు?

ఇంగ్లండ్‌లోని మా ఇంట్లో, నీటిని కాచి గదులను వెచ్చబరిచే రేడియేటర్లకు పంపే గ్యాస్ బాయిలర్‌కు ఈ ఉదయం ఏడాది సర్వీసు చేయించాం. వచ్చినతను పని ముగించి, కాగితం చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. గంట తరువాత మా అమ్మ హాల్లో రేడియేటర్ మీద ఆరేసిన తువ్వాలు తీయబోయి, చెయ్యి చురుక్కుమనగానే వెనక్కి లాక్కుంది. నేను వెళ్ళి చూస్తే, రెండు చలికాలాల పాటు ఒక్కో డిగ్రీ తగ్గించుకుంటూ వచ్చి 55 దగ్గర నిలబెట్టిన నీటి వేడి అంకె 80 అయి కూర్చుంది. మార్చే ముందు నన్ను అడగలేదు, మార్చాక చెప్పనూ లేదు.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్ళలో చాలామంది గోడ మీది థర్మోస్టాట్‌నే చూసుకుంటారు. అది గది ఎంత వెచ్చబడాలో చెబుతుందే తప్ప, రేడియేటర్లకు వెళ్ళే నీరు ఎంత కాగాలో చెప్పదు. ఆ రెండో అంకె బాయిలర్ మీదే, రేడియేటర్ బొమ్మ పక్కన ఉంటుంది. 2005 నుంచి ఇక్కడ కొత్తగా బిగిస్తున్న బాయిలర్లు దాదాపు అన్నీ కండెన్సింగ్ రకానివే. పొగలోని ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడిని కూడా ఇంటికే మళ్ళించడం వీటి ప్రత్యేకత. కానీ రేడియేటర్లన్నీ తిరిగి బాయిలర్‌కు చేరే నీరు సుమారు 55 డిగ్రీల కంటే చల్లగా ఉంటేనే అది జరుగుతుంది. 80తో బయలుదేరిన నీరు 60 పైనే తిరిగి వస్తే, మనం డబ్బు పోసి కొన్న ఆ వేడి గోడకున్న గొట్టం గుండా వీధిలోకి పోతుంది. వేడినీళ్ళ ట్యాంకు ఉన్న ఇళ్ళలో ట్యాంకు నీరు 60కి చేరాలి కాబట్టి అక్కడ లెక్క వేరు. మాది ట్యాంకు లేని కాంబి బాయిలర్.

నా కోపం ఈరోజుది మాత్రమే కాదు. మూడేళ్ళ క్రితం ఈ బాయిలర్ బిగించిన సంస్థ అదనంగా డబ్బు తీసుకుని స్మార్ట్ థర్మోస్టాట్ కూడా పెట్టింది. గది వెచ్చబడే కొద్దీ నీటి వేడిని తగ్గించమని బాయిలర్‌కు చెప్పగలిగే ఓపెన్‌థెర్మ్ పద్ధతి అటు థర్మోస్టాట్‌లోనూ ఇటు బాయిలర్‌లోనూ ఉంది. అయినా దానికి కేటాయించిన చోట తీగలు కలపకుండా, ఆపడం, వెలిగించడం తప్ప ఏమీ చేయలేని మామూలు స్విచ్‌లాగా కలిపి వెళ్ళారు. పైగా ఆ థర్మోస్టాట్‌ను నడవలో, సరిగ్గా రేడియేటర్ పైనే అతికించారు. నడవ 20 డిగ్రీలకు చేరగానే బాయిలర్ ఆగిపోయేది. అప్పటికి మేడ మీద అమ్మ గది 17 కూడా దాటేది కాదు. తెనాలి నుంచి వచ్చిన ప్రతిసారీ అమ్మ స్వెట్టర్ మీద శాలువా కప్పుకుని మంచం మీద ముడుచుకుని కూర్చుంటే, ఈ దేశం చలి ఇంతేనని నేనే ఆమెకు సర్దిచెప్పాను. అది తలచుకుంటే ఇప్పటికీ నా మనసు చివుక్కుమంటుంది.

ఆ గది రేడియేటర్‌కు ఉన్న వాల్వు తల విప్పి చూశాను. లోపల పెన్సిల్ మొనంత సన్నని ఇత్తడి పుల్ల ఉంది. నొక్కితే లోపలికి వెళ్ళి, వదిలితే తనంతట తాను పైకి రావాల్సిన ఆ పుల్ల లోపలే బిగుసుకుపోయి, వేడినీటిని రేడియేటర్‌లోకి రానివ్వడం లేదు. ఒక చుక్క నూనె వేసి, వేలితో మెల్లగా నొక్కి వదులుతూ పావుగంట కూర్చుంటే కదిలింది. అంత చిన్న పనిని ఏటా సర్వీసుకు వచ్చే ఏ ఒక్కరూ చేయలేదు.

గ్యాస్ బాయిలర్ లోపల పనికి, గ్యాస్ పనివారి అధికారిక జాబితా అయిన గ్యాస్ సేఫ్‌లో నమోదు ఉన్నవారే రావాలన్న నియమం మన ప్రాణాల కోసమే పెట్టారు, దాన్ని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ మనం తప్పనిసరిగా వాళ్ళ మీదే ఆధారపడాల్సి వచ్చినప్పుడు, ఏ అంకె మార్చారో, ఎందుకు మార్చారో ఇంటివాళ్ళకు రెండు ముక్కలు చెప్పడం వాళ్ళ బాధ్యత.

బాయిలర్‌ను మళ్ళీ 55కి తెచ్చి, అడగకుండా ఈ అంకె మార్చవద్దని కాగితం రాసి అతికించాను. ఆ తీగలను వాటి చోట కలిపి వెళ్ళమని రేపు పొద్దున్నే ఆ సంస్థకు ఫోన్ చేస్తున్నాను.