ఐదుకూ ఆరుకూ మధ్య నలిగిపోయినవాడు హిట్టింగ్ స్లైడర్‌కు రాసిన లేఖ

మహారాజశ్రీ స్లైడర్ గారికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం ఆనవాయితీ. కుశలం తమ ఒక్కరిదే కాబట్టి ఆ మాట వదిలేస్తున్నాను.

నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు బేస్‌బాల్ వీడియో గేమ్ తెరిచి, బ్యాటర్లకు హిట్లు ఎంత సులువుగా దక్కాలో తేల్చే తమ దర్శనానికి సెట్టింగుల్లోకి వచ్చాను. తమరు ఐదు మీద కొలువై ఉన్నారు, ఎవరి పక్షమూ ఎరగని న్యాయమూర్తిలా. తొమ్మిది ఇన్నింగ్స్ ఆడితే నా జట్టుకు దక్కినవి రెండంటే రెండు హిట్లు, అంటే బంతిని కొట్టి క్షేమంగా బేస్ చేరిన సందర్భాలు. బ్యాట్‌కు నిండుగా తగిలిన ప్రతి బంతీ చిరునామా రాసి పంపినట్టు నేరుగా ఫీల్డర్ గ్లవ్‌లోకి వెళ్లింది. సరే, కాస్త కనికరించండి అని తమను ఆరుకు జరిపాను. ఒక్క గీత, అంతే. ఈసారి ఇరవై ఒక్క హిట్లు, పద్నాలుగు పరుగులు. బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టడమే అసలు పనిగా, తొమ్మిదో స్థానంలో మొక్కుబడిగా బ్యాట్ పట్టుకునే మా క్యాచర్ రెండు హోమ్‌రన్లు కొట్టాడు. రెండోసారి బేస్‌ల చుట్టూ ఉత్సవ విగ్రహంలా ఊరేగాడు.

అయితే అనావృష్టి, కాకుంటే అతివృష్టి. మామూలు వాన అనేది ఒకటి ఉంటుందని తమకెవరూ చెప్పలేదా?

నేను గొంతెమ్మ కోరికేమీ కోరలేదు. ఆట నిజంలా ఉండాలన్నాను. 2024లో అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్ మొత్తం బ్యాటింగ్ సగటు, అంటే ప్రయత్నాల్లో హిట్ల వాటా, 0.243. ఒక్కో ఆటలో ఒక్కో జట్టుకు ఎనిమిది చిల్లర హిట్లు. 1941లో టెడ్ విలియమ్స్ 0.406 కొట్టి చరిత్రకెక్కాడు. ఆ మహానుభావుడికి కూడా 456 ప్రయత్నాల్లో 271 సార్లు హిట్టు దక్కలేదు. మా క్యాచర్ మాత్రం తమ దయవల్ల ప్రస్తుతం 0.600 దగ్గర విశ్రాంతి తీసుకుంటున్నాడు.

ఇంకొక సంగతి కూడా చిత్తగించండి. 1968లో బంతి విసిరే పిచర్లు బ్యాటర్లను ఊపిరాడనివ్వలేదు. లీగ్ సగటు 0.237కు పడిపోయింది. మేజర్ లీగ్‌లో ఒక సగమైన అమెరికన్ లీగ్‌లో బ్యాటింగ్ కిరీటం గెలిచిన కార్ల్ యాస్ట్రెమ్‌స్కీ సగటే 0.301. దాంతో మరుసటి ఏడాది పెద్దలు పిచర్ నిలబడే మట్టిదిబ్బను 15 అంగుళాల నుంచి 10 అంగుళాలకు దించారు, బ్యాటర్ వదిలేసినా స్ట్రైకుగా లెక్కపడే స్ట్రైక్ జోన్‌నూ కుదించారు. ఒక రకంగా వాళ్లూ స్లైడర్ జరిపినట్టే. ఫలితం? 1969లో సగటు 0.248. పదకొండు పాయింట్లు, అంటే 0.011, పెరిగింది. ఆట ఆటలాగే ఉంది. అయిదు అంగుళాల మట్టి తవ్వితే అంత మర్యాదగా జరిగిన పని, బొటనవేలితో ఒక్క గీత జరిపితే ఊరు కొట్టుకుపోయేంత వరద ఎలా అయింది? ఐదున్నర అనే అంకెతో నీకు ఏ జన్మ పగ?

క్షమించాలి. తమకు.

ఒక్క ఆటతో తేలదు, సీజనంతా చూడాలి అంటారు కొందరు బుద్ధిమంతులు. నిజమే, రెండు హిట్ల రోజులు అసలు ఆటలోనూ ఉంటాయి. కానీ సీజనంటే 162 ఆటలు. తమకు పక్కనే టైమింగ్, పవర్, ఫౌల్, బంతి వేగం అని బంధుగణం ఉంది. ఒక్కొక్కరికీ ఒక్కో సీజన్ కేటాయిస్తే నేను ఉద్యోగ విరమణ చేసేనాటికి ఫౌల్ దగ్గరికి వస్తాను. ఈలోపు అప్‌డేట్ ఒకటి వచ్చి అందరినీ మళ్లీ ఐదు మీద కూర్చోబెట్టి పోతుంది.

బంతి వేగం గారి గురించి ఎక్కువ చెప్పను. గంటకు 95 మైళ్ల బంతి బ్యాటర్ పక్కనుండే ప్లేటు చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు పడుతుంది. ఆయన్ను ఒక గీత తగ్గిస్తే ఆ బంతి పెళ్లి నడక నడుస్తూ వస్తుంది.

అసలు తమ పేరులోనే ఉంది. బేస్‌బాల్‌లో స్లైడర్ అంటే ఒక బంతి. నేరుగా వస్తున్నట్టు నమ్మించి, బ్యాట్ తిప్పాక చివర్లో పక్కకు జారుకుంటుంది. నీ పేరు పెట్టినవాడికి నీ గుణం ముందే తెలుసు! సాయంత్రం ఏడు దాకా జరిపాను, ఆడాను, మళ్లీ జరిపాను. ఆడిన దానికంటే జరిపిందే ఎక్కువ. ఐదు గంటల నా ఆయుష్షు తిన్నావు. కాఫీ రెండుసార్లు చల్లారింది. జట్టులో సగం మంది పేర్లు నాకింకా తెలియవు, నువ్వు ఏ గీత మీద ఉన్నావో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను.

చివరికి విసిగి మళ్లీ ఐదుకే వచ్చాను. అప్పుడు పడింది అసలైన ఆట. ఒకటికి రెండు తేడాతో వెనకబడి ఉన్నాం. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మూడోవాడు అవుటైతే ఆట సరి, రెండో బేస్‌లో మనిషి. బ్యాట్ పట్టింది ఎవరనుకున్నారు, మా క్యాచరే. మూడైతే అవుటయ్యే స్ట్రైకులు రెండు పడ్డాక, బంతిని హద్దు బయటికి కొట్టే ఫౌళ్లు నాలుగు కొట్టి నిలబడ్డాడు. కుర్చీ అంచుకు వచ్చేశాను. ఏడో బంతిని బాదాడు. ఆ చప్పుడు వినగానే లేచి నిలబడ్డాను. రెండో, మూడో బేస్‌ల మధ్య కాపలా కాసే షార్ట్‌స్టాప్ గాల్లోకి ఎగిరాడు. గ్లవ్ కొసన తెల్లగా సగం బంతి కనిపించింది.

అవుట్.

తప్పు పట్టడానికి ఏమీ లేదు. జట్టుకు ఏడు హిట్లు, ఒక పరుగు, బలంగా కొట్టినా చేజారిన గెలుపు. అచ్చం అసలు ఆటే. మధ్యాహ్నం నుంచి నేను అడుగుతున్నది సరిగ్గా ఇదే. తెర వంక రెండు నిమిషాలు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత తమను ఆరుకు జరిపాను.

ఇట్లు,
మా క్యాచర్ తరఫున కూడా,
తమ విధేయుడు