సకల సౌకర్యాల వంటగది: ఒక సమర్థన

సెలవులకు అద్దెకిచ్చే ఇళ్ల యజమానుల మీద అకారణంగా నిందలు పడుతున్నాయి. ప్రకటనలో ‘సకల సౌకర్యాలతో కూడిన వంటగది’ అని రాశారనీ, తీరా వెళ్లి చూస్తే గుడ్డు ఉడకబెట్టుకోవడానికి కూడా దిక్కు లేదనీ అతిథులు వాపోతున్నారు. ఆ గదిలో వండుకోవచ్చని యజమాని ఎక్కడైనా అన్నాడా? అది ఫొటోలో బాగుండాలి, బాగుంది.

ఇండక్షన్ పొయ్యి సంగతే చూడండి. మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రంతో అది గిన్నె అడుగులోనే వేడి పుట్టిస్తుంది. కాబట్టి అయస్కాంతం అంటుకునే అడుగున్న గిన్నె కావాలి. ఉత్త అల్యూమినియం, రాగి, గాజు పాత్రలను మామూలు ఇండక్షన్ పొయ్యి లెక్కచేయదు. ఈ శాస్త్రమంతా క్షుణ్ణంగా తెలిసినట్టే యజమాని అలమర నిండా అల్యూమినియం గిన్నెలు పేర్చి ఉంచుతాడు. అతిథి ఒకటి పెడితే పొయ్యి కుయ్యిమంటుంది. తీసి ఇంకొకటి పెడితే మళ్లీ కుయ్యిమంటుంది. చివరికి ఆయన ఫ్రిజ్ తలుపుకున్న బొమ్మ అయస్కాంతాన్ని ఊడదీసి, మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్క గిన్నె అడుగునా అంటించి చూస్తాడు. ఆ పరీక్షలో నెగ్గేది ఎప్పుడూ ఒక్క పెనమే. దాని నాన్‌స్టిక్ పూత ఏనాడో పాత అతిథుల కడుపుల్లోకి చేరిపోయింది.

కత్తి గురించి కూడా ఫిర్యాదులున్నాయి. టమాటా మీద పెట్టి నొక్కితే తొక్క తెగదు సరికదా, రసం చొక్కా మీదికి చిమ్ముతుంది. మొద్దు కత్తికి బలం ఎక్కువ పెట్టాలి కనుక అది జారి వేలు తెగే ప్రమాదమూ ఎక్కువేనని వంట తెలిసినవారు అంటారు. ఇందులోనూ యజమాని ముందుచూపును మెచ్చుకోవాలి: కూరగాయలు తరగడానికి ఆయన గాజు పలక ఇచ్చాడు, కత్తికి పొరపాటున ఏ మూలనైనా పదును మిగిలి ఉంటే దాని మీద అదీ అరిగిపోతుంది.

ఇల్లు కొండ మీదైతే ప్రకృతి కూడా ఆయన పక్షమే. సముద్రమట్టానికి 2,000 మీటర్ల ఎత్తులో నీళ్లు దాదాపు 93 డిగ్రీలకే మరుగుతాయి కాబట్టి, బంగాళాదుంపలు ఉడికేదాకా కిటికీలోంచి ప్రకృతి సౌందర్యాన్ని తీరిగ్గా ఆస్వాదించవచ్చు. గరిటె లేకపోయినా వైన్ గ్లాసులు డజను ఉంటాయి, ఉప్పు డబ్బాలో రాయిలా గడ్డకట్టి ఉంటుంది. వీటి గురించి పెద్దమనుషులు మాట్లాడరు.

అసలు కట్టడి చేయవలసింది సొంత కత్తి, అడుగు మందమున్న గిన్నె, ఉప్పు పొట్లం పెట్టెలో సర్దుకుని వచ్చే అతిథులను. ఇది ఆతిథ్యాన్ని బాహాటంగా శంకించడమే. శుభ్రపరిచే రుసుముతో పాటు వీరి దగ్గర అపనమ్మకపు రుసుము కూడా వసూలు చేయాలి. ఇంటి నియమాల్లో పొగతాగరాదన్న వాక్యం కిందనే ‘వెంట తెచ్చిన కత్తులు వాడరాదు’ అని చేర్చాలి. వెళ్లేటప్పుడు ఆ కత్తిని మరిచిపోయి వెళ్లేవారికి మాత్రం రుసుము మాఫీ చేయవచ్చు.