సున్నా రాయగలిగేది ఎవరు?

విశాఖ దగ్గరి కొండకర్ల ఆవ అనే సరస్సుకు మేం నెలకో ఆదివారం వెళ్తాం. వైజాగ్‌లో తెల్లవారుజామున నాలుగున్నరకు బయల్దేరితే వెలుతురు వచ్చేసరికి ఒడ్డున ఉంటాం. జతగా కట్టిన తాటి దొన్నెల మీద తామరాకుల మధ్యకు పోయి, మూడు గంటలు పక్షుల్ని లెక్కపెట్టి, తిరిగొచ్చి టీ తాగుతూ లెక్క సరిచూసుకుంటాం. మాతో వచ్చే రిటైర్డ్ లెక్కల మాస్టారికి ఒక అలవాటుంది. కనబడిన పక్షుల జాబితా అయ్యాక కింద గీత గీసి, ఆ కాలంలో కనబడాల్సి ఉండీ కనబడనివి కూడా రాస్తారు. ఒక్కోదాని పక్కన గుండ్రంగా సున్నా చుడతారు. కొత్తగా చేరిన కుర్రాడొకడు "చూడనివి రాయడమెందుకు మాస్టారూ, పేజీ దండగ" అన్నాడు. "పరీక్షలో సున్నా వచ్చినవాడి పేరు మార్కుల లిస్టులోంచి కొట్టేస్తామేంట్రా?" అని ఆయన జవాబు.

వన్యప్రాణుల మీద ప్రభుత్వ లెక్కల గురించి ఎప్పుడు చర్చ వచ్చినా నాకు ఆ సున్నాయే గుర్తొస్తుంది. మన దేశంలో ఈ రంగంలో జరిగిన అతి పెద్ద తప్పుడు లెక్క, సున్నా రాయాల్సిన చోట వేరే అంకె రాయడమే మరి.

రాజస్థాన్‌లోని సరిస్కా టైగర్ రిజర్వులో 2004 అధికారిక గణన ప్రకారం 16 నుంచి 18 పులులున్నాయి. 2005 మొదట్లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్లు వెళ్లి వెతికితే ఒక్కటీ లేదు. ఏడాదిలో అన్ని పులులూ మాయం కావడానికి అక్కడ భూకంపమేమీ రాలేదు. వేటగాళ్లు కొన్నేళ్లుగా చంపుతూ వచ్చారు, కాగితం మీద పులులు మాత్రం క్షేమంగా తిరిగాయి.

అప్పటి గణన ఎలా జరిగేదో తెలిస్తే ఇదెలా సాధ్యమైందో అర్థమవుతుంది. 1966లో ఒడిశా అటవీ అధికారి సరోజ్ రాజ్ చౌధురి మొదలుపెట్టిన పద్ధతి అది. బీట్‌లో తిరిగే గార్డు మట్టిలో పులి అడుగు కనబడగానే దాని మీద గాజు పలక పెట్టి, పెన్నుతో గీతలు తీసి కాగితం మీదకు ఎక్కిస్తాడు. లేదంటే ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీస్తాడు. ఆ అచ్చులన్నీ పెద్దాఫీసులో ఒకచోట చేర్చి, ఏ అడుగు ఏ పులిదో విడదీసి మొత్తం తేలుస్తారు. ప్రతి పులి పాదానికీ ప్రత్యేకత ఉంటుందన్నది ఇక్కడ నమ్మకం. కానీ అదే పులి తడిమట్టిలో వేసిన అడుగు, ఇసుకలో వేసిన అడుగు ఒకేలా ఉండవు. పరుగెత్తితే ఒకలా, నడిస్తే ఇంకోలా పడతాయి. వేర్వేరు చేతులు గీసిన గీతలు సరేసరి. ఉల్లాస్ కారంత్ లాంటి శాస్త్రవేత్తలు ఈ పద్ధతి పనికిరాదని ఎన్నో ఏళ్లు మొత్తుకున్నారు. కెమెరా ట్రాప్ (జంతువు ఎదురుగా వస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరా) పెట్టి చారల్ని బట్టి గుర్తుపట్టండి, తీసిన ఫొటో మళ్లీ ఎవరైనా చూసుకోవచ్చు అన్నారు. సరిస్కా బయటపడ్డాక గానీ ఆ మాట ఎవరికీ చెవికెక్కలేదు. పాత పద్ధతిలో 2001-02లో 3,642 అని చెప్పిన దేశం, కొత్త పద్ధతిలో 2006 అంచనాకు 1,411 దగ్గర ఆగింది. పద్ధతి మారింది కాబట్టి ఆ తేడా అంతా చచ్చిన పులులదే అనడం సరికాదు. మరి పాత అంకె దేన్ని లెక్కపెట్టిందని అడిగితే జవాబు లేదు.

గార్డు మీద కోపం రావడం సులువు. నాకైతే ఆయన మీద జాలే ఎక్కువ. పోయిన ఏడాది తన బీట్‌లో రెండు పులులని రాసినవాడు ఈ ఏడాది సున్నా రాస్తే ఏమవుతుంది? పులి ఏమైందన్న ప్రశ్న ముందు తన మీదకే వస్తుంది. రేంజర్‌కూ అంతే, ఆ పైవాళ్లకూ అంతే. లెక్కపెట్టేదీ కాపలా కాసేదీ ఒకే శాఖ అయినప్పుడు లెక్క తగ్గిందంటే కాపలా తప్పిందని ఒప్పుకున్నట్టే. ఎవరూ కూర్చుని కుట్ర చేయనక్కర్లేదు. అందరూ భయపడితే చాలు, సున్నా దానంతటదే చెరిగిపోతుంది.

మధ్యప్రదేశ్‌లోని పన్నాలో ఇదే కథ ఇంకా చేదుగా నడిచింది. అక్కడ రేడియో కాలర్లు కట్టి పులుల్ని అధ్యయనం చేస్తున్న రఘు చుండావత్ 2000ల తొలినాళ్లలోనే పులులు తగ్గిపోతున్నాయని చెప్పారు. శాఖ ఒప్పుకోలేదు, పైగా ఆయన పరిశోధన అనుమతి రద్దయింది. 2009 వచ్చేసరికి పన్నాలో పులులు లేవని ప్రభుత్వమే ఒప్పుకుంది. సరిస్కా తర్వాత నాలుగేళ్లకు, అంత రాద్ధాంతం జరిగాక కూడా!

జీతం తీసుకోకుండా అడవి వెంట తిరిగే మాలాంటివాళ్ల మీద దెబ్బ పడేది ఇక్కడే. అనుమతి పత్రం చేతిలో ఉన్న శాస్త్రవేత్తకే ఆ గతి పడితే, బైనాక్యులర్ మెడలో వేసుకుని తిరిగే బ్యాంకు ఉద్యోగి నోరు విప్పుతాడా? విప్పడు. తెలిసింది తనలోనే దాచుకుంటాడు. మధురవాడ, పెందుర్తి వైపు కొండలంచున ఇళ్లు లేచిన చోటల్లా పాములొస్తాయి, పట్టి వదిలిపెట్టే వలంటీర్లూ ఉంటారు. ఏ గెడ్డ దగ్గర ఏ పాము దొరికిందో, ఏ నెలలో ఎన్ని దొరికాయో వాళ్ల ఫోన్లలో ఉన్నంత సమాచారం ఏ ఫైల్లోనూ ఉండదని నా అభిప్రాయం. అదంతా రాసివ్వమంటే ఒకాయన నవ్వి, "ఇస్తే నీకు పర్మిషన్ ఎవరిచ్చారంటారు, ఇవ్వకపోతే టెన్షన్ లేదు" అన్నాడు. ఆయన మాట కాదనలేకపోయాను.

అనుమానం ముదిరితే రెండో ప్రమాదం కూడా ఉంది. అమెరికాలో పాములు పెంచేవాళ్ల గొడవ చూడండి. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో బర్మా కొండచిలువలు పెరిగిపోయాయి. 2008లో అక్కడి ప్రభుత్వ సంస్థ యూఎస్‌జీఎస్ శాస్త్రవేత్తలు వాతావరణాన్ని బట్టి ఒక మ్యాప్ వేశారు. దేశంలో దాదాపు మూడో వంతు ఈ పాములకు అనువైన చోటేనని అది చెప్పింది. అదే ఏడాది వేరే పరిశోధకులు ఇంకో రకంగా లెక్కకట్టి, దక్షిణ ఫ్లోరిడా, టెక్సాస్ దక్షిణ కొస తప్ప పెద్దగా ఎక్కడా బతకవన్నారు. 2010 జనవరి చలికి ఫ్లోరిడాలోనే చాలా కొండచిలువలు చచ్చాయి. అయినా 2012లో నాలుగు జాతుల మీద, 2015లో ఇంకో నాలుగింటి మీద కేంద్రం ఆంక్షలు పెట్టింది. ఇంట్లో పాము పెంచుకునేవాడు ఊరు మారుతూ దాన్ని పక్క రాష్ట్రానికి తీసుకెళ్తే నేరమైంది. పెంపకందార్ల సంఘం కోర్టుకెక్కింది. రాష్ట్రాల మధ్య రవాణాను ఆపే అధికారం ఆ చట్టం ఇవ్వలేదని 2017లో అప్పీలు కోర్టు తేల్చింది.

ఆ మ్యాప్ మోసమని చాలామంది పెంపకందార్లు నేటికీ నమ్ముతారు. నేను నమ్మను. ఏ లెక్కతో ఆ మ్యాప్ వేశారో పత్రికలో అచ్చయింది, తప్పని ఇంకొకరు లెక్కతోనే చూపించారు. సైన్సులో మాటకు మాట ఇలాగే నడవాలి. పైగా ఎవర్‌గ్లేడ్స్‌లో రకూన్లనే చిన్న జంతువులు కనబడటం 99 శాతం పైగా పడిపోయిందని 2012లో వచ్చిన అధ్యయనం చెప్పింది కాబట్టి పాముల వల్ల నష్టం లేదనడం కుదరదు. నాకు మింగుడుపడనిది వేరే. తేలని వాదం మీద చట్టం కట్టారు, దాని భారం వాదంతో సంబంధం లేనివాళ్ల ఇళ్ల మీద పడింది.

అసలైన మోసం అదే సంస్థలో, పాములతో ఏ సంబంధమూ లేని మూల జరిగింది. కొలరాడోలోని లేక్‌వుడ్‌లో బొగ్గు, నీరు లాంటి నమూనాలు పరీక్షించే యూఎస్‌జీఎస్ ప్రయోగశాలలో 1996 నుంచి 2014 దాకా మాస్ స్పెక్ట్రోమీటర్ (నమూనాలో ఏ మూలకం ఎంత ఉందో కొలిచే యంత్రం) ఫలితాలను దిద్దుతూ వచ్చారని తేలింది. ఒక ఉద్యోగి వెళ్లాక ఇంకొకరు కొనసాగించారు. 2016లో ఆ విభాగాన్ని మూసేశారు. పద్దెనిమిదేళ్లు! ఆ వార్త చదివిన పెంపకందారు "వీళ్లేగా ఆ మ్యాప్ కూడా వేసింది" అనుకుంటే ఆయన్ని ఎలా తప్పుపడతాం? ఒక గదిలో దిద్దిన అంకె పక్క గదిలో నిజాయితీగా రాసిన అంకెను కూడా చంపేస్తుంది.

మనకూ ఆ రోజు దూరం లేదు. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద, 2024 నిబంధనల ప్రకారం ఆఫ్రికన్ గ్రే చిలుకలు, సన్ కన్యూర్లు, బాల్ పైథాన్లు, ఇగ్వానాల లాంటి విదేశీ జీవుల్ని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. దొంగరవాణాకు అడ్డుకట్ట వేయాలంటే ఇది అవసరమే, నేను సమర్థిస్తాను. కానీ రేపు ఏ జాతి ప్రమాదకరమో తేల్చాల్సి వచ్చినప్పుడు ఎవరి అధ్యయనం చూస్తారు, దాని ముడి లెక్కలు జనానికి కనబడతాయా అన్నది ఇప్పుడే అడగాలి. జనం తమ ఇంటి గుట్టు పోర్టల్‌లో పెట్టాలంటే అవతలివాళ్లు కూడా పుస్తకం తెరిచి చూపించాలి.

మూసిన పుస్తకంలో ఏముంటుందో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. మా తీరంలో ఒక ప్రాజెక్టు ప్రజాభిప్రాయ సేకరణకు ముందు పర్యావరణ నివేదిక చేతికొచ్చింది. పక్షుల జాబితాలో ఒక కొంగ శాస్త్రీయనామంలో రెండక్షరాలు తారుమారయ్యాయి. టైపింగ్ పొరపాటే అనుకున్నా. అంతకుముందు ఏడాది ఇంకో ఊరి ప్రాజెక్టు నివేదిక తీసి చూస్తే అదే కొంగ, అదే తారుమారు, ముందువెనకల పక్షులు కూడా అదే వరసలో! పక్షులు ఊరు మారడం సహజమే గానీ అక్షరదోషాలతో సహా వలసపోవడం అప్పుడే చూశాను. సభలో లేచి అడిగితే "సబ్‌మిట్ చేసినవి ఎక్స్‌పర్ట్స్ చూసుకుంటారు" అన్నారు. ఆ లిస్టులో ఒక్క సున్నా కూడా లేదని వేరే చెప్పాలా?

ఔత్సాహికులు తాము చూసిన పక్షుల్ని నమోదు చేసే వెబ్‌సైట్ ఈబర్డ్‌లో జాబితా పంపే ముందు ఒక ప్రశ్న వస్తుంది. మీరు గుర్తుపట్టిన పక్షులన్నీ రాశారా, లేదా? అన్నీ రాశామంటే, రాయని ప్రతి పక్షీ అక్కడ సున్నా అయినట్టే. ఎంతసేపు, ఎంత దూరం తిరిగారో కూడా అడుగుతుంది. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక సుమారు 30,000 మంది ఇలా పంపిన 3 కోట్ల పైచిలుకు పరిశీలనల మీద నిలబడి 942 జాతుల స్థితి చెప్పింది. జువలాజికల్ సర్వే, వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి ప్రభుత్వ సంస్థలూ అందులో భాగస్వాములే. అంటే మా ఆదివారాల లెక్క సర్కారుకు పనికొస్తోంది. సర్కారు లెక్కను చూడనివ్వమంటే మాత్రం ఆర్టీఐ పెట్టుకోమంటారు.

మా సున్నాలన్నీ నిజమని కాదు. కలివికోడి సంగతి తెలుగువాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1900 తర్వాత కనబడలేదు కాబట్టి అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ (బీఎన్‌హెచ్‌ఎస్) శాస్త్రవేత్త భరత్ భూషణ్ స్థానికుల్ని అడుగుతూ తిరిగితే, ఐతన్న అనే ఊరివాడు రాత్రిపూట దాన్ని పట్టి తెచ్చాడు. 86 ఏళ్ల ఆ సున్నా పక్షిది కాదు, వెతికే తీరుది. రాత్రి తిరిగే పిట్టను పగలు వెతికితే ఏం దొరుకుతుంది?

అందుకే సున్నాతో పాటు ఎలా వెతికారో కూడా రాయాలి. పోయిన జనవరిలో కొండకర్లలో పిన్‌టెయిల్ బాతులు ఒక్కటీ కనబడలేదు. మాస్టారు గీత కింద పేరు రాసి, పక్కన సున్నా చుట్టారు. పుస్తకం మూయబోతూ మళ్లీ తెరిచి చిన్న అక్షరాలతో ఇంకో లైను కలిపారు. "3 గంటలు. తూర్పు ఒడ్డు మాత్రమే. గుర్రపుడెక్క వల్ల పడమటికి దొన్నె పోలేదు."