తొమ్మిదో తరగతికల్లా తపన

హార్వర్డ్‌లోనో స్టాన్‌ఫోర్డ్‌లోనో సీటు రావాలంటే పిల్లవాడు బాగా చదివితే చాలునన్న అపోహ అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్లల్లో ఇంకా అక్కడక్కడా మిగిలి ఉండడం విచారకరం. చదువు సంగతి ఒకప్పుడు ఎంసెట్ ర్యాంకు పట్టుకుని పైకొచ్చిన తండ్రులకు వేరే చెప్పనక్కర్లేదు. కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షలో 1600కు దగ్గరగా రావాలి, అంతే. కరోనా కాలంలో ఆ పరీక్ష అక్కర్లేదన్న విద్యాలయాల్లో ఎంఐటీ 2022లోనూ, హార్వర్డ్ 2024లోనూ మనసు మార్చుకున్నాయి కాబట్టి కోచింగుకు పోసిన డాలర్లు వృథా కాలేదు. అయితే అన్ని మార్కులూ వచ్చిన పిల్లలు అదే వీధిలో మరో నలుగురు ఉంటారు, హార్వర్డేమో నూరుమంది దరఖాస్తు పెడితే అయిదుగురికైనా చోటివ్వదు. అందుచేత అబ్బాయికి ఒక తపన ఉండాలి. అది ఎవరూ చెప్పకుండా లోపలినుంచి పుట్టుకొచ్చినట్టుండాలి, తొమ్మిదో తరగతి మొదలయ్యేలోగా పుట్టి తీరాలి.

ఇందుకు కౌన్సెలర్లున్నారు. మొదటి సమావేశంలో ఆయన అబ్బాయిని నీకేమిష్టమని అడుగుతారు, అబ్బాయి వీడియో గేములంటాడు, ఆయన దాన్ని ‘మనిషికీ యంత్రానికీ గల సంబంధంపై చిరకాల ఆసక్తి’ అని రాసుకుంటారు. చాలా విద్యాలయాలకు ఒకటే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ అప్లికేషన్‌లో వ్యాపకాలకు పది గళ్లుంటాయి, ఒక్కోదాన్ని 150 క్యారెక్టర్లలో వర్ణించాలి. ఆ పది గళ్లూ నింపడం గృహస్థ ధర్మం. కూచిపూడి అరంగేట్రం, స్పెల్లింగ్ బీ, రోబోటిక్స్ పనికిరావని నేననను గాని, దరఖాస్తులు చదివే అధికారి ఆ పూట అప్పటికే అలాంటివి చాలా చూసి ఉంటారు. స్వచ్ఛంద సంస్థ పెట్టడమే మేలు.

సంస్థకు కావలసింది స్వగ్రామం, అందులో తాతగారు. బడులు తెరిచిన కొత్తల్లో, జూన్ నెలాఖరున, ఆయన ముందుగానే జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల హెడ్మాస్టరుగారితో మాట్లాడి ఉంచుతారు. వేపచెట్టు కింద పిల్లలను వరుసగా కూర్చోబెడతారు, వెనకాల ఫ్లెక్సీ మీద పదిహేనేళ్ల వ్యవస్థాపకుడు చేతులు కట్టుకుని నవ్వుతుంటాడు. అట్టపెట్టెలోంచి పాత ట్యాబ్‌లు తీసి పంచుతారు. చార్జర్లు అమెరికావి గనుక ఆ బడి ప్లగ్గులో దూరవు గాని, ప్లగ్గు ఫోటోలో పడదు. గంటలో కార్యక్రమం ముగిసి పిల్లలకు బిస్కెట్లందుతాయి, అబ్బాయికి ‘గ్రామీణ భారతంలో డిజిటల్ విద్యకు నాయకత్వం’ అనే గడి నిండుతుంది.

దీన్ని మోసమని శంకించేవారు 2019లో బయటపడ్డ రిక్ సింగర్ వ్యవహారాన్ని ఒకసారి పరిశీలించాలి. ఆయన ఫోటోల్లో డబ్బున్నవారి పిల్లల తలలను ఆటగాళ్ల ఒంటిమీద అతికించి, కోచ్‌లకు లంచాలిచ్చి, ‘పక్క తలుపు’ గుండా సీట్లిప్పించి మూడున్నరేళ్ల శిక్ష వేయించుకున్నాడు. మన ఫోటోలో తలా ఒళ్లూ రెండూ మనవాడివే. ఇక తండ్రో తాతో అక్కడే చదువుకున్నవారికి కొన్ని విద్యాలయాలు ఎదురెళ్లి తీసే తలుపు మరొకటుంది, అది సంప్రదాయం కనుక దానికి శిక్షలుండవు.

చివరగా దరఖాస్తుతో పంపే వ్యాసం, 650 పదాలు మించరాదు. హార్వర్డ్ మీద 2018లో జరిగిన విచారణలో, ఆసియా సంతతి పిల్లలకు చదువులో బాగానే వస్తున్న మార్కులు వ్యక్తిత్వం పద్దుకొచ్చేసరికి సగటున తగ్గుతున్నాయని తేలింది. మన పిల్లలకు వ్యక్తిత్వం కూడా ట్యూషన్ పెట్టించాల్సిన సబ్జెక్టేనని అప్పుడే తెలిసింది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోరాదంటూనే, జాతి తన జీవితాన్ని ఎలా తీర్చిదిద్దిందో విద్యార్థి రాసుకుంటే చదవడానికి అడ్డేమీ లేదని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ చేత చెప్పించింది. ఆ ఒక్క వాక్యంతో అమ్మమ్మ ఆవకాయ జాడీకి రాజ్యాంగ రక్షణ లభించింది. అబ్బాయి ఆవకాయ ముట్టడు, వాసనొస్తుందని బడికి పాస్తా పట్టుకెళ్లినవాడే. ఆ సిగ్గు మొదటి పేరాకు సరిపోతుంది, మామిడికాయలు కొట్టే చప్పుడులో తన మూలాలు వినబడడం ఆఖరి పేరా. మధ్యలోకి వివరాలు కావాలని వాడు వీడియో కాల్‌లో ‘అమ్మమ్మా, ఆవపిండి ఎంత వేస్తావు?’ అని అడిగితే, మనవడికి ఇన్నాళ్లకు నోరూరిందని ఆ పిచ్చితల్లి మురిసిపోయి అయిదు కిలోలు పార్సిల్ చేయిస్తుంది. పార్సిల్ చేరేసరికి వ్యాసం అప్‌లోడై ఉంటుంది.

మార్చి చివర ఫలితాలొస్తాయి. రాకపోతే, పెద్ద పేర్ల వెంట పడడం మాకు మొదటినుంచీ ఇష్టం లేదని ఉగాది వేడుకల్లో చెప్పి, ఇంటి దగ్గరి స్టేట్ యూనివర్సిటీలో చేర్పించవచ్చు. అసలు చిక్కు ఏడో తరగతి చదువుతున్న తమ్ముడితో. సంస్థను వాడికి అప్పగించవచ్చు గాని, వ్యవస్థాపకుడి హోదా అన్న వాడేసుకున్నాడు. పక్క మండలంలో ఫ్లెక్సీ కట్టడానికి వీలున్న బడి ఏదైనా ఉందేమో చూడమని తాతగారికి ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది.