గ్రీకు నాయనల వేసవి సెలవులు

ఎండ 45 డిగ్రీలు దాటి, బోరింగు కాడ కాకులు కూడా నోరు తెరుచుకుని కూర్చునే మే నెలలోనే విశ్వాసం బాగా పెరుగుతుందని మా విచారణ, అంటే మా కతోలిక గుడి సంఘం, సలహా మండలి ఏటా ఏకగ్రీవంగా తీర్మానిస్తుంది. తీర్మానం వెనుక గట్టి ఆలోచనే ఉంది. మే నెల మరియమాతకు అంకితం. బళ్లు తెరిచేది జూన్ 12న. అప్పటిదాకా పిల్లలు ఇంట్లోనే ఉంటే తల్లుల విశ్వాసానికి ముప్పు. నల్లగొండ జిల్లాలో ఇది ఏ ఊరి విచారణ అని మాత్రం అడక్కండి. పేరు చెబితే పక్క మండలం వాళ్లు "మా ముచ్చట మీకెవరు చెప్పిన్రు" అని కొట్లాటకు వస్తారు.

ఈసారి కరపత్రం మీద "కుటుంబాలకు, వయోవృద్ధులకు వేసవి విశ్వాస సదస్సు" అని అచ్చు వేయించారు. మంగళవారం పిల్లలకు, బుధవారం దంపతులకు, గురువారం పెద్దలకు. కుటుంబమంతా కలిసి ప్రార్థించాలన్న గొప్ప ఆశయంతో కుటుంబాన్ని మూడు ముక్కలు చేసి, ముక్కకొక రోజు కేటాయించారన్నమాట. మండలిలో లెక్కలు తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు.

మంగళవారం సంగతి పెద్దగా చెప్పేది లేదు. యాక్షన్ సాంగులు, రస్నా, నోవహు ఓడకు రంగులు వేయడం. ఒక పిల్లవాడు ఓడకు ట్రాక్టరు చక్రాలు కూడా గీశాడు. అదేంట్రా అని సిస్టరు గారు అడిగితే, నీళ్లు తగ్గినంక ఇంటికెట్ల పోతరు అన్నాడు. మూడు రోజుల్లోనూ ఆ మాత్రం ముందుచూపు ఇంకెవరూ చూపలేదు.

ఇక బుధవారం. దంపతుల దినానికి బెంచీలు రెండు వరుసలు వేశారు, ఎడమవైపు భార్యలకు, కుడివైపు భర్తలకు. ఎడమవైపు నిండింది. కుడివైపు ప్రార్థనలు నేర్పే ఉపదేశి తాతా, మైకు సెట్టు పిల్లగాడూ, పెళ్లి సంబంధం చూడటానికి వచ్చి పొరపాటున కూర్చున్న ఒక పెద్దమనిషీ దొరికారు. అంతమాత్రాన భర్తలు రాలేదనుకుంటే అపచారం. వచ్చారు. బండి మీద భార్యాపిల్లల్ని ప్రహరీ గేటు దాకా తెచ్చి దించారు. దించి, గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డారు. బండి స్టాండు వేసి, సీటు మీద ఒక కాలు మడిచి పెట్టుకుని, ఫోను తీసి, ప్రసంగం అయిపోయిందా అని మధ్యమధ్య తల ఎత్తి చూస్తూ, చివరి ఆశీర్వాదానికి మాత్రం చెప్పులు విడిచి నిలబడే ఈ సమాజం మా విచారణలో చాలా పాతది. పండగ రోజుల్లో దాని జనాభా గుడి లోపలి జనాభాతో పోటీ పడుతుంది. అధికారికంగా గుర్తించి, దానికో ఉపదేశినీ నెలవారీ చందానూ కేటాయించాలని నా వినతి.

వాళ్లను తొందరపడి తప్పుపట్టడం నాకిష్టం లేదు, ఎందుకంటే వాళ్లకు బైబిలు ఆధారం ఉంది. పౌలు గారు తన శిష్యుడు తిమోతికి రాసిన రెండవ లేఖ మొదటి అధ్యాయం తీయండి. నీ విశ్వాసం ముందు మీ అవ్వ లోయిలో ఉండేది, తర్వాత మీ అమ్మ యునీకేలో ఉండేది, ఇప్పుడు నీలో ఉందని మెచ్చుకుంటాడు. అవ్వ పేరుంది, అమ్మ పేరుంది. నాయన ఏడీ? అపోస్తలుల కార్యములు పదహారో అధ్యాయం దాకా వెతికితే ఒక్క ముక్క దొరుకుతుంది: తండ్రి గ్రీకు దేశస్థుడు. అంతే. పేరు లేదు, ఊరు లేదు, వచ్చాడా పోయాడా లేదు. బహుశా తిమోతి వాళ్ల లిస్త్ర ఊళ్లో కూడా గేటు బయట ఒక చెట్టు ఉండే ఉంటుంది.

కనుక మొదటి శతాబ్దం నుంచీ నడుస్తున్న ఈ ఆచారాన్ని మా ఊరి గ్రీకు నాయనలు భక్తిశ్రద్ధలతో కాపాడుతున్నారనే అనుకోవాలి. యేసును పెంచిన తండ్రి పునీత జోజప్ప గారి విషయంలో కూడా అంతే. సువార్తలన్నీ తిరగేసినా ఆయన ఒక్క మాట మాట్లాడినట్టు కనిపించదు. ఆయన పసివాణ్ని ఎత్తుకుని రాత్రికి రాత్రి ఐగుప్తుకు నడిచాడనీ, ఏటా పాస్క పండగకు ఇంటిల్లిపాదినీ యెరూషలేముకు తీసుకుపోయాడనీ ఉన్నవి మాత్రం మావాళ్లు వదిలేశారు. మాట్లాడకపోవడం ఒక్కటే పట్టుకున్నారు.

మధ్యలో ఒక మొండి గురువు, పట్నం నుంచి వచ్చిన ఫాదరు, మైకులో ఒక చట్టం చదివాడు. 1983 నాటి శ్రీసభ, అంటే కతోలిక సంఘం, చట్టంలో 774వ సూత్రం: పిల్లల్ని మాటతోనూ నడతతోనూ విశ్వాసంలో పెంచే బాధ్యత అందరికన్నా ముందు తల్లిదండ్రులది. మైకు పెద్దది కాబట్టి గేటు బయటికీ వినబడింది. వేపచెట్టు కింద కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఒకాయన పక్కాయనతో అన్నాడు: "తల్లి అని ముందుగల్ల అన్నడు, విన్నవా?"

అందరూ తప్పించుకున్నవాళ్లేనా అంటే కాదు, అది కూడా రాయాలి. యాసంగి వడ్లు కొనుగోలు కేంద్రంలో కుప్ప పోసి, కాంటా ఎప్పుడైతదో తెలియక, మొగులు పట్టినప్పుడల్లా పట్టా కప్పుకుంటూ రాత్రింబగళ్లు కాపలా ఉన్న మనిషిని దంపతుల దినానికి రమ్మనే ధైర్యం నాకు లేదు. పాలమూరు నుంచి పుణెకు పనికి పోయిన మేస్త్రీని అంతకన్నా అడగలేం. పెళ్లి ప్రమాణాలు మళ్లీ చెప్పించే సమయానికి ఎడమవైపు బెంచీలో ఒకామె ఫోను తీసింది. భర్త లారీ డ్రైవరు, షోలాపురం దాటి ఎక్కడో ధాబా ముందు ఆగి ఉన్నాడు. వెనక హారన్లు మోగుతుంటే, ఫాదరు గారు ఒక్కో ముక్కా చెప్తుంటే, "సుఖములోను, దుఃఖములోను" అని అవతలి నుంచి అరిచి మరీ చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. అయిదు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నాయన ప్రమాణం చేశాడు, యాభై అడుగుల దూరాన ఉన్నవాళ్లకు సిగ్నలు అందలేదు.

సాయంత్రాల సంగతి వేరు. మే నెలంతా మరియమాత స్వరూపం ఇంటింటికీ వస్తుంది, ఆ ఇంట్లో వీధంతా కలిసి జపమాల చెప్పాలి. ఏడున్నరకు మొదలు. ఐపీఎల్ కూడా ఏడున్నరకే మొదలు కావడం మరియమాత మీద జరిగిన కుట్ర కాదని క్రికెట్ బోర్డు నిరూపించుకోవాల్సి ఉంది. మర్యాదస్తులైన నాయనలు టీవీ కట్టేయరు, గొంతు మాత్రం నొక్కేస్తారు. ఒక మంగళవారం, జపమాల చెప్తూ తలుచుకునే యేసు జీవిత ఘట్టాల్లో, దుఃఖ దేవరహస్యాల్లో మూడోది, ముళ్ల కిరీటం, నడుస్తుండగా ఇంటాయన నెత్తి మీద చెయ్యి పెట్టుకుని "అయ్యో దేవా" అని మూలిగాడు. ఆ కదలికకు ముందు కూర్చున్న ముసలమ్మలు కరిగిపోయారు. వెనక కూర్చున్నవాళ్లకు టీవీ కనిపిస్తుంది కాబట్టి వికెట్ పడిందని తెలుసు.

గురువారం పెద్దల దినం. దీని గురించి చెప్పాలంటే ముందు హాజరు పట్టీ చూడాలి. మంగళవారం మనవడి చెయ్యి పట్టుకుని వచ్చింది అవ్వ. బుధవారం కొడుకు తరఫున కోడలికి తోడు వచ్చింది అవ్వ. గురువారం తన తరఫున వచ్చింది కూడా అవ్వే. మూడు రోజులూ పూర్తిగా హాజరైన వర్గం ఇదొక్కటే. ఆ వర్గానికి విశ్వాసం నేర్పడానికే మండలి మూడో రోజు పట్నం నుంచి ఉపన్యాసకుణ్ని కారులో పిలిపించింది. ఈ నల్లగొండ మేత్రాసనం, అంటే బిషపు గారి పరిధి, ఏర్పడింది 1976లో. ముందు వరుసలో ఉన్న కొన్ని జపమాలలు అంతకన్నా పాతవి.

"అందరం ఒక్కసారి మోకరిద్దాం" అన్నాడు కార్యక్రమం నడిపే కుర్రాడు. ఎవరూ మోకరించలేదు. మునుగోడు, మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు పెళ్లిళ్లయి వచ్చి, యాభై ఏళ్లు ఫ్లోరైడు బోరు నీళ్లు తాగిన కాళ్లు అవి. సర్కారు మంచినీళ్ల భగీరథ నల్లాలు వచ్చింది మొన్న, మోకాళ్లు మాత్రం మొన్నటివి కావు. వంగని నడుములు బెంచీ అంచు పట్టుకుని వంగినంత వంగాయి. ఒకామె మెడ తిరగదు కాబట్టి పీఠం వైపు మొత్తం మనిషే తిరిగి కూర్చుంది. కుర్రాడు రెండోసారి, కొంచెం నొచ్చుకుని, "మోకరిద్దామండీ" అన్నాడు. మోకాళ్లు వంగేవాళ్లంతా అప్పుడు వేపచెట్టు కింద గొంతుక్కూర్చుని అష్టాచెమ్మా ఆడుతున్నారు.

తర్వాత జపమాల. కుర్రాడు "నేడు గురువారం, వెలుగు దేవరహస్యములు" అని ప్రకటించాడు. ముందు వరుస అవ్వ సంతోష దేవరహస్యాలు ఎత్తుకుంది. కుర్రాడు ఆపాడు. 2002లో రెండవ జాన్ పాల్ పోపు గారు వెలుగు రహస్యాలు కొత్తగా చేర్చి గురువారానికి పెట్టారనీ, గురువారం నాటి సంతోష రహస్యాలు శనివారానికి మారాయనీ వివరించాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అవ్వ ఓపిగ్గా విన్నది.

"మార్చేటప్పుడు నన్నడిగిండా బిడ్డా?"

"లేదవ్వా."

"నేను గూడ ఆయన్ని అడగలే. నువ్వు నీది చెప్పు, నేను నాది చెప్తా. వినే తల్లి ఒక్కతే గద."

పదిన్నరకు ఉపన్యాసం: నేటి యువతరానికి విశ్వాసాన్ని అందించడం ఎలా. గంటన్నర సాగింది. అందించాల్సిన యువతరం లోపల లేదు, అందించి అలసిపోయిన తరమే ఉంది. చివర ప్రశ్నలు అడగమంటే ఒక పెద్దమ్మ లేచింది. "చెప్పినం అయ్యా. వాడు ఇనకపోతే ఏం జెయ్యాలె?" ప్రార్థించండి అన్నాడాయన. "అదే జేస్తున్న" అని కూర్చుంది. ఆ రోజు సదస్సులో జరిగిన వేదాంత చర్చ మొత్తం అదే.

పూజలో ఇచ్చే అప్పం, దివ్య సత్ప్రసాదం, తీసుకునే ముందు గంటసేపు ఏమీ తినకూడదన్న నియమం వృద్ధులకూ రోగులకూ, వాళ్లను చూసుకునేవాళ్లకూ వర్తించదని అదే శ్రీసభ చట్టం 919వ సూత్రంలో ఉంది. పట్నం గురువు ఈ కరుణను ఎంతో ప్రేమగా వివరించి, మజ్జిగ తాగమన్నాడు. ఒక్క గ్లాసూ కదల్లేదు. చిన్నప్పుడు అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా పూజకు నడిచి వచ్చినవాళ్లు వీళ్లు. ఆ మజ్జిగ వృథా కాలేదు లెండి. గేటు బయటికి బకెట్టుతో సహా పోయింది. వాళ్లను చూసుకునేవాళ్లకు కూడా మినహాయింపు ఉందిగా.

మధ్యాహ్నం ముసలివాళ్లతో కుర్చీలాట ఆడించారు. దీని మీద వ్యాఖ్యానించను. లూకా సువార్తలో ఎనభై నాలుగేళ్ల అన్నా ప్రవక్త్రి ఉంది, దేవాలయం విడిచి పోకుండా రాత్రింబగళ్లు ప్రార్థన చేసేది, పసి యేసును గుర్తుపట్టింది. ఆమెను కుర్చీ చుట్టూ పరిగెత్తించి, ఓడిపోయాక స్టీలు గిన్నె ఇచ్చినట్టు లూకా గారు రాయలేదు. మర్చిపోయి ఉంటారు.

2021 నుంచి ఫ్రాన్సిస్ పోపు గారు జూలై నాలుగో ఆదివారాన్ని అవ్వాతాతల కోసం, వృద్ధుల కోసం ప్రపంచమంతా జరపాలని పెట్టారు, మరియమాత అమ్మానాయనలు జ్వాకీము అన్నమ్మల పండగకు దగ్గర్లో. ఆ ఆదివారం మా విచారణలో శాలువాలు తెచ్చి పెడతారు, కప్పించుకునేవాళ్లు దొరకరు. జూలైలో పత్తి చేలల్లో కలుపు ఉంటుంది. ఆరింటికే పోయిన అవ్వలు చీకటి పడ్డాక వస్తారు. మిగిలిన శాలువాలు మండలి సభ్యులు ఒకరికొకరు కప్పుకుంటారు.

సదస్సు ముగిశాక మండలి సమీక్షా సమావేశం పెట్టి, పెద్దల్లో మోకరించే అలవాటు తగ్గిందని, మజ్జిగకు ఆదరణ బాగుందని రాసుకుంది. వచ్చే ఏడు నాలుగో రోజు కూడా పెట్టాలని, అది తండ్రుల దినమని, మనిషికి వంద రూపాయలు రుసుమని తీర్మానించింది. దానికి కన్వీనరుగా ఉండమని వేపచెట్టు కింద అడిగితే, ఎవరికి వాళ్లు పక్కాయన పేరు చెప్పారు. తీర్మానంలో ఒక సవరణ నేనూ ప్రతిపాదించాను: గుడి తలుపుల దగ్గర కాకుండా చెట్టు కిందనే బల్ల వేసి పేర్లు రాసుకోవాలని. నమోదు అప్పుడే మొదలైంది. మొదటి పేరు రాయించడానికి వచ్చింది గురువారం జపమాల అవ్వే. కొంగు ముడి విప్పి, 2,016 రూపాయల పింఛనులోంచి వంద నోటు తీసి కొడుకు పేరు చెప్పింది.

"వస్తడా అవ్వా?" అన్నాను.

"అన్నంల ఏం బెడ్తున్రు?"

"చికెన్ అంటున్రు."

అవ్వ కాసేపు లెక్క చూసుకుంది. "అయితే వస్తడు తియ్. పన్నెండున్నరకు."